టీచరుగారి తలలో పెట్టింది కొరివి కాదు

మా ఎదురింటి సైన్సు టీచరుగారు పోయిన మంగళవారం కన్నుమూశారు. తలలో కణితి మళ్లీ పెరిగి పోయారు. కారణం ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఆవిడను వీధి దాటించకముందే ఇంకో కారణం రాజోలంతా తిరిగింది.

"తలలోకి నిప్పెట్టించుకుంది కదండీ మా వదిన. ఇంకెలా బతుకుద్ది?" అని ఆవిడ ఆడపడుచు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. వాళ్లు "ఆయ్, నిజమేనండి" అంటూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఆసుపత్రికి ఆవిడతో వెళ్లినదాన్ని నేను. వీళ్లెవరూ గడప కూడా తొక్కలేదు.

బడిలో పిల్లలు ఏం చెప్పినా టీచరుగారు "చూశావా, విన్నావా?" అని అడిగేవారు. విన్నానంటే "అయితే వెళ్లి చూసిరా" అనేవారు. దోసకాయ చేదు లేదని నేను చెప్పినా నమ్మకుండా, ముక్క కోసి నోట్లో వేసుకునేవారు.

అలాంటి మనిషికి మాటలు జారిపోవడం మొదలైంది. గొడుగు చేత్తో పట్టుకుని దాని పేరు కోసం తడుముకునేవారు. విశాఖపట్నంలో స్కానింగ్ తీసి, మెదడులో మాటకు సంబంధించిన చోటును ఆనుకుని లోతుగా కణితి ఉందన్నారు. పుర్రె తెరిచి తీస్తే మాట పూర్తిగా పోవచ్చన్నారు. అందుకని పుర్రెకు సన్నటి రంధ్రం చేసి, లేజరు తీగ పంపి, ఆ వేడితో కణితిని కాలుస్తామన్నారు. మనిషి ఎం.ఆర్.ఐ. యంత్రంలోనే ఉంటారు. వేడి ఎంతవరకు పాకిందో తెర మీద చూసుకుంటూ, పక్కనున్న మంచి భాగానికి తగిలేలోగా ఆపేస్తారు. "నయమైపోతుందని చెప్పలేనమ్మా. మళ్లీ రావచ్చు. కొంతకాలం మాట దక్కవచ్చు" అని డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు.

ఆవిడ కొడుకు సంతకం పెట్టనన్నాడు. "అమ్మ పోయేక తలకొరివి పెట్టేది నేనే గదండీ పిన్నిగారూ. బతికుండగానే తలలో వేడి పెట్టమని నా చేత్తో ఎలా రాసిస్తానండి?" అని వరండాలో కూర్చుని ఏడ్చాడు. బంధువులంతా వాడిదే సబబన్నారు. వారాలు గడిచాయి. ఆవిడ లోపల గదిలో ఉండగానే, ఆవిడ తల గురించి వరండాలో తీర్పులు. మెదడు బొమ్మ నల్లబల్ల మీద గీసి ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషిని ఒక్క మాట అడగాలని ఒక్కరికీ తోచలేదు.

చివరకు ఆవిడే బయటకు వచ్చారు.

"తల ఎవరిదిరా?" అన్నారు.

"అది కాదమ్మా..."

"కొరివి... చూడకుండా కాలుస్తుంది. ఇది చూసి... చూసి కాలుస్తుంది. కాగితం ఇలా తే."

సంతకం ఆవిడే పెట్టుకున్నారు.

లేజరు వైద్యం చేసిన కొత్తలో వాపు వల్ల మాట ఇంకా తడబడింది. "మేం చెప్పలేదేంటండీ?" అన్నారు ఈ జనమే. తరవాత మాటలు మెల్లగా తిరిగి వచ్చాయి. ఏడాది పైన ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఆ ఏడాది ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. మేనత్త నోటికొచ్చింది మాట్లాడుతుంటే, అన్నీ తెలిసిన కొడుకు పక్కనే కూర్చుని వచ్చినవాళ్లకు దండాలు పెడుతూ ఉండిపోయాడు. కణితి చేసిన పనిని వైద్యం ఖాతాలో రాసి, వైద్యం ఇచ్చిన కాలాన్ని కొట్టేస్తే దాన్ని లెక్క అనరు. రేపు ఈ వీధిలోనే మరొకరికి ఈ జబ్బు వస్తే, ఈ అబద్ధం విని డాక్టరు దగ్గర నుంచి లేచి వచ్చేస్తారు. వాళ్ల ఏడాదికి ఎవరు జవాబుదారు?

మాట బాగున్న రోజుల్లో ఒకసారి ఇద్దరం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతున్నాం. ఆవిడ కమ్మీ పట్టుకుని, కనిపించినదానికల్లా పేరు చెబుతూ నిలబడ్డారు. "గుర్రపుడెక్క. నీటికాకి. ఇసుక మేట. వల." నాతో కాదు, తనలో తనే. గాలికి జుట్టు లేచి చెవి పైన చిన్న మచ్చ బయటపడింది. కొంగు తల మీదికి సర్దబోయాను. నా చెయ్యి పక్కకు తోసి, నీటి వైపే చూస్తూ ఇంకో పేరు చెప్పారు.