నాలుగో జ్వరం

నేను రిటైరయ్యే మూడేళ్ళ ముందు, ఆషాఢం వెళ్ళిన వారం. తమక అనే ఊరి దగ్గరి ఒక ఆసుపత్రిలో రేడియాలజీకి హెడ్‌గా ఉండినాను. కడుపులో చీము చేరిన కేసులు నా దగ్గరికి వచ్చేవి. స్కానులో చూస్తూ చర్మం మీదినుంచి సూది దించి, ఆ దారిలోనే సన్నని గొట్టం పెట్టి, చీమును బయటి సంచిలోకి దింపేది నా పని. ఇరవై ఏళ్ళలో చెయ్యి బాగా తిరిగింది, గర్వమూ పెరిగింది.

ఆ ఏడే మాకు ఇంకో పద్ధతి వచ్చింది. నోట్లోంచి దించే ఎండోస్కోపు కొసనే అల్ట్రాసౌండు ఉంటుంది. జీర్ణాశయం గోడకు ఆనుకున్న గడ్డనైతే లోపలినుంచే గుచ్చి స్టెంటు పెడతారు, చీము పేగుల్లోకే జారిపోతుంది. బయట గొట్టం ఉండదు, సంచి ఉండదు. అది నేర్చుకొని వచ్చినామె డాక్టర్ శైలజ, నాకంటే పాతికేళ్ళు చిన్న. అన్ని గడ్డలూ దానికి అందవు, కొన్నిటికి నా సూదే దారి. ఆ మాట నేను అవసరం లేని చోట కూడా చెప్తా ఉండినాను.

బైరకూరు వెంకటలక్ష్మమ్మకు నలభై ఏళ్ళుంటాయి. గాల్‌బ్లాడర్ రాళ్ళవల్ల క్లోమం వాచి, కొన్ని వారాలకు జీర్ణాశయం వెనకే చీముగడ్డ కట్టింది. గోడకు అతుక్కొని ఉండింది. శైలజ చేయాల్సిన కేసు. ఆమె బెంగళూరులో ఉండింది. మందులకు జ్వరం దిగింది, సోమవారం దాకా ఆగవచ్చునని ఫోనులో చెప్పింది. ఆ రోజు శనివారం.

నేను వార్డుకు పోయినాను. ఎట్లుందమ్మా అని అడిగితే ఆమె ఇంటికి పోయే తొందరలో ఉండింది.

"నాలుగో జ్వరం నడస్తా ఉండాది సార్. బిన్నా పంపించేయండి" అనింది.

జ్వరం నాలుగోసారి తిరగబెట్టిందని, మందులు పనిచేయడం లేదని కేసు షీటులో రాసినాను. ఛార్టులో మూడు రోజులుగా జ్వరం లేదని సిస్టరు మెల్లగా చూపించింది. ఛార్టు కంటే పేషెంటు మాట పెద్దదని ఆమె నోరు మూయించినాను. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట అన్నవాణ్ణి కాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సోమవారం లోపల ఆ గడ్డను నా చేత్తో ఖాళీ చేసేయాలనేదే నా ఆశ. సంతకం తీసుకునేటప్పుడు ఇంకో దారి ఉందని వెంకటలక్ష్మమ్మకు చెప్పనే లేదు.

అరగంటలో పని అయింది. పది రోజులకు చీమూ ఆగింది. కానీ జబ్బువల్ల క్లోమం నాళం ముందే తెగి ఉండడంతో దాని రసం నా గొట్టం దారి పట్టింది. గొట్టం తీసినా రంధ్రం మూసుకోలేదు. ఆ రసం మాంసాన్నే అరిగించేది. చుట్టూ చర్మం పుండై, నాలుగు నెలలు ఆమె డొక్కకు సంచి అంటుకొని ఉండింది.

ఒకసారి ఆమె చూపించుకోను వచ్చినప్పుడు శైలజ కూడా గదిలో ఉండింది. పని చేసుకుంటున్నారా అని అడిగింది. ఇంట్లో పట్టుపురుగులు పెంచే గదిలోకి అడుగే పెట్టడం లేదని వెంకటలక్ష్మమ్మ చెప్పింది. పురుగులు ఏ వాసనకూ తాళవు, తన ఒంటి వాసన తనకే తెలుస్తా ఉంది. అప్పటి పంటా పోయింది, జ్వరం లేచి పురుగులు ఆకు అడిగే టయానికి తాను ఆసుపత్రిలో ఉండిపోయింది.

నాలుగోసారి జ్వరం వచ్చిందని మీరే చెప్తిరి కదమ్మా అన్నాను.

"నాకా? నాకు జ్వరం యాడుండింది సార్? పురుగులకి."

పురుగు ఆకు మానేసి పొర విడిచేదాన్ని వాళ్ళు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితేనే అది గూడు కడుతుంది. కేజీఎఫ్ బంగారు గనుల గుమాస్తా కొడుకును, నాకు తెలీదు. తెలీకపోవడం తప్పు కాదు. అడగకపోవడం తప్పు. శైలజ నా వైపు చూడలేదు. తప్పు నాదని నేను వెంకటలక్ష్మమ్మతో అనలేదు. ఆయింట్‌మెంటు రాసిచ్చి పంపించినాను.

తర్వాత శైలజే లోపలినుంచి స్టెంటు పెట్టి ఆ రసాన్ని పేగుల్లోకి మళ్ళించింది. మూడు వారాల్లో బయటి రంధ్రం ఆరిపోయింది.

ఏ దారిన పోవాలనేది గడ్డ ఉన్న చోటు చెప్పాలి, చేసేవాడి చెయ్యి కాదు. సరిగ్గా తెలీని మాట మనకు అనుకూలంగా వినపడితే దాన్ని రెండోసారి అడగాలి. మిగిలిన మూడేళ్ళూ వార్డులో ఎవరు జ్వరమన్నా "ఎవరికి?" అని అడిగేవాణ్ణి. ముసలాయనకు చాదస్తమని కుర్ర డాక్టర్లు నవ్వేవాళ్ళు. వాళ్ళకు కారణం చెప్పలేదు. వెంకటలక్ష్మమ్మ కేసు షీటులో జ్వరమని నేను రాసిన వరసనూ కొట్టేయలేదు.