పంతులమ్మ గారు అనని మాట

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినవాళ్ళ మీద నాలుగు మంచి మాటలు రాయడానికి మా చర్చి సంఘంలో మనుషులకి కొదవ లేదు. మా ఎదురింటి పంతులమ్మ గారు మొన్న మంగళవారం తెల్లారకట్ల కన్నుమూస్తే, మధ్యాహ్నానికల్లా కొత్తపేట బస్సు మలుపు తిరిగే చోట ఆవిడ ఫ్లెక్సీ లేచింది. "విశ్వాస వీరనారి" అని రాయించారు. బతికుండగా ఆవిడ్ని గుడిలో నోరు తెరవనివ్వనివాళ్ళే రాయించారు. అందులో అచ్చుతప్పులున్నాయి. ఆవిడ చూసుంటే ఎర్ర పెన్ను పట్టుకుని బయల్దేరేవారు. కరపత్రం గానీ శుభలేఖ గానీ, చేతికి ఏదిచ్చినా దిద్ది వెనక్కి పంపడం ఆవిడకి అలవాటు. మా రెండో అమ్మాయి శుభలేఖ చూసి, "పెళ్ళికొడుకు బావున్నాడండి, తెలుగే బాలేదు" అన్నారు. రెండో మాట నిజం. మొదటిది తర్వాత తేలింది. ఆ గొడవ ఇక్కడొద్దు.

నేను దర్జీని. బడి చదువు అయిదో తరగతితో సరి. మిగతాది పొట్లం కాగితాల మీదా, పంతులమ్మ గారి అరుగు మీదా చదువుకున్నాను.

ఆవిడ మొదట్లో రాజోలు అవతల సిస్టర్లు నడిపే బడిలో పనిచేశారు. వచ్చేసేటప్పుడు ఒక ముసలి సిస్టరు తన బైబిలు ఆవిడ చేతిలో పెట్టింది. కతోలికుల బైబిల్లో మన దానికన్నా కొన్ని పుస్తకాలు ఎక్కువ. యూదులు కాదన్నారు, మనకి బైబిలు తెచ్చిన దొరలు కాదన్నారు, వాళ్ళు మాత్రం ఉంచుకున్నారు. అసలు ఎవరూ ఉంచుకోనివి ఇంకా ఉన్నాయట. ఏది లోపల, ఏది బయట అని పెద్దలు తరాల తరబడి తగువులాడారు. మా కాలవ గట్టు తగువు తాతల నాటిది, ఇంకా తెగలేదు. పరలోకం తగువు అంత సుళువుగా తెగుతుందా!

బాలయేసు మట్టితో పిచ్చుకల్ని చేసి చప్పట్లు కొడితే అవి ఎగిరిపోయాయన్న కథ నేను ఆవిడ నోటే విన్నాను.

"నిజంగా జరిగిందాండీ?" అన్నాను.

"జరిగిందని నేనన్లేదండి. ఎవరో ఆ పసివాణ్ణి ముద్దు చేసుకుంటా చెప్పుకున్నారు. ముద్దు చెయ్యడం తప్పేటండీ?" అన్నారు.

ఆవిడ ఎన్నడూ వాటిని వాక్యం అనలేదు. కొబ్బరికాయల లెక్కలో చెప్పేవారు. "అమ్మకుండా అటక మీద పెట్టిన కాయ పారేసిన కాయ కాదండి. ఏడాది పోయాక కురిడీ అయి దిగుద్ది. అప్పుడు బేరం చూడండి." కురిడీ అంటే లోపలి నీళ్ళు ఇంకిపోయి ఎండు కొబ్బరైన కాయ. పచ్చికాయ కన్నా ధర ఎక్కువ పలుకుతుంది. మా సంఘ పెద్దలందరికీ తోటలున్నాయి. అయినా ఆ మాట ఎక్కలేదు.

గురువారాలు మధ్యాహ్నం అరుగు మీద ఆడవాళ్ళకి బైబిలు చెప్పేవారు. మా వీధి చివర కొబ్బరి పీచు మిల్లులో పనిచేసే అమ్మాయి కూడా వచ్చేది. దాని భర్త కువైట్లో పోయాడు. శవం రాలేదు. అక్కడే పాతిపెట్టేశారని ఫోనొచ్చింది, అంతే. మట్టి వేయని చావుకి ఏడవడం ఎలాగో తెలియక అది బొమ్మలా తిరిగేది.

పంతులమ్మ గారు దానికి ఆ విడిచిపెట్టిన పుస్తకాల్లోంచి ఒక ముసలాయన కథ చెప్పారు. పరాయి దేశంలో బతుకుతున్న మనిషి. పండగ పూట భోజనానికి కూర్చున్నాడు. తన జాతివాడొకడు వీధిలో చచ్చిపడి ఉన్నాడని కబురొచ్చింది. ముద్ద ముట్టకుండా లేచి వెళ్ళి, ఆ శవాన్ని తెచ్చి, పొద్దుగూకాక గొయ్యి తీసి పాతిపెట్టాడు.

"మీ ఆయనకీ అక్కడ అలాటి పెద్దాయన దొరికే ఉంటాడమ్మా" అన్నారు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. అరుగంతా వినబడేలా ఏడ్చింది. తర్వాత ఆ భాగమంతా కంఠతా పట్టింది.

చిక్కు అక్కడే వచ్చింది. స్త్రీల సమాజం వాళ్ళు అమలాపురంలో కంఠత వాక్యాల పోటీ పెడితే, అది వెళ్ళి ఆ భాగమే అప్పజెప్పింది. పంతులమ్మ గారికి ముందు చెప్పనైనా లేదు. న్యాయనిర్ణేతలు కళ్ళు తుడుచుకున్నారు. ఆమెన్ అన్నారు. "రిఫరెన్సు చెప్పమ్మా" అన్నారు. చెప్పింది. ఇక చూసుకోండి, బైబిళ్ళన్నీ తెరుచుకున్నాయి. ఆదికాండం నుంచి ప్రకటన దాకా తిప్పారు. ఆ పేరు పుస్తకమే లేదు.

"పాత నిబంధనా, కొత్తదా?" అని అడిగిందొకావిడ.

"మా పంతులమ్మ గారి పుస్తకంలోదండి" అంది ఈ పిల్ల.

అన్న ఆమెన్ వెనక్కి తీసుకోవడం కుదరదు గనక పంతులమ్మ గారి క్లాసు తీసేశారు. మా సంఘ పెద్ద కబురు మోసుకొచ్చాడు. ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాడే.

"అయ్యి సాతాను రాతలని ఆదివారం నిలబడి ఒక్క మాట అనెయ్యండి. మీ క్లాసు మీకిచ్చేత్తాం" అన్నాడు.

"అయ్యి వాక్యం కాదంటాను. కావాలంటే రోజూ అంటాను. సాతాను రాతలంటే మాత్రం, ఆ పిల్ల మొగుణ్ణి మళ్ళీ వీధిలో పడేసినట్టు కదండీ, బాబూ" అన్నారు.

పదేళ్ళ పైమాటే. ఆవిడ అనలేదు, వాళ్ళు ఇవ్వలేదు. ప్రతి ఆదివారం గుడికి వెళ్ళి వెనక వరసలో కూర్చుని, ప్రసంగంలో తప్పులు విని, నోరు మూసుకుని ఇంటికొచ్చేవారు. గురువారం మధ్యాహ్నాలు మాత్రం అరుగు తుడిపించడం మానలేదు.

ఆవిడ పోవడానికి వారం ముందు పెద్ద మళ్ళీ వచ్చాడు. మంచం పక్కన నేనున్నాను.

"ఇప్పుడైనా అనండి పంతులమ్మ గారూ. మనసు తేలికవుద్ది" అన్నాడు.

"నా మనసు తేలిగ్గానే ఉందండి. కాఫీ తాగెళ్ళండి" అన్నారు. తాగే వెళ్ళాడు.

శుక్రవారం షామియానా కింద ఆదరణ కూడిక పెట్టారు, సంతాప సభ లాంటిది. పెద్ద మైకు పుచ్చుకుని ఆవిడ గుణగణాలన్నీ చెప్పాడు. చివర్న, "ఆ తప్పు పుస్తకాల్ని ఆఖరి రోజుల్లో మా ముందు విడిచిపెట్టి, పశ్చాత్తాపపడి వెళ్ళేరు" అన్నాడు. జనం హల్లెలూయ అన్నారు.

పీచు మిల్లు అమ్మాయి నా పక్క కుర్చీలోనే ఉంది. నా వైపు తిరిగింది.

"నిజవేనా బాబాయిగారూ? అలా అనేసేరా?"

దానికి చెవిలో చెప్తే సరిపోయేది. కానీ లేచాను. "లేదండి. నేనక్కడే ఉన్నాను. ఆవిడ ఆ మాట అనలేదు" అన్నాను. మైకు లేకపోయినా దర్జీ గొంతు, మిషను చప్పుడు మీద అరిచి అరిచి పెరిగింది. వెనక వరస దాకా వినబడే ఉంటుంది.

"కూర్చోండి బాబాయిగారూ, దుఃఖంలో ఉన్నారు. ప్రార్థన చేసుకుందాం" అన్నాడు పెద్ద. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చాలాసేపు సాగింది. తర్వాత బిర్యానీ పొట్లాలు పంచారు, మాటలు అటు తిరిగిపోయాయి.

జనం వెళ్ళాక కూడా మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. షామియానా అతను కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

"కుర్చీలు ఇత్తారేటండీ, వేన్ వచ్చేసింది" అన్నాడు.

నేను లేచి నాది ఇచ్చాను. ఆ అమ్మాయి తనది ఇచ్చింది.