సదురుల ఎల్లేశం మంద

ఎల్లేశానికి ఆ జబ్బు నందికొండలో తగిలింది.

అంతకుముందు అతను కల్వకుర్తి దగ్గరి ఒక ఊళ్లో గొర్లు కాసుకునే మామూలు మనిషి. కరువొచ్చిన ఏడు నందికొండ డ్యాము పనికి పోయి ఒక ఎండాకాలమంతా తట్ట మోశాడు. అక్కడ ఒక సూపర్‌వైజరు గడియారం పట్టుకుని నిలబడేవాడు. ఆడవాళ్లు తట్ట దించి నడుము నిటారు చేసుకునే కాస్త సేపు కూడా అతనికి నష్టంగా కనిపించేది. ఇవాళ కూలీల వరుసను కొంచెం ఇటు జరిపేవాడు, రేపు ఇసుక కుప్పను కొంచెం అటు జరిపేవాడు. పని రోజురోజుకూ త్వరపడేది. మిగతా కూలీలు అతన్ని తిట్టుకున్నారు. ఎల్లేశం మాత్రం నోరు తెరుచుకుని చూశాడు. కూలి డబ్బులు దారిలోనే ఖర్చయిపోయాయి. తెరిచిన నోరు తెరిచినట్టే ఊరికి తిరిగొచ్చింది.

వచ్చిన మర్నాటి నుంచి కంటబడిన పనినల్లా త్వరగా అయ్యేట్టు సదరడం మొదలుపెట్టాడు. పొయ్యికీ నీళ్ల కుండకూ మధ్య నడక ఎక్కువైందని కుండను పొయ్యి పక్కన పెట్టాడు. నీళ్లు కాగుతున్నాయని భార్య గోపమ్మ మొత్తుకుంది. కుండను గడప దగ్గరికి మార్చాడు. సాయంత్రం తనే దానికి తగిలి పడ్డాడు. కుండ పగిలింది.

"మంచిగైంది. ఇగ నడకే లేదు" అంది గోపమ్మ.

ఉన్ని కత్తిరించే ముందు గొర్లను వాగులో కడగడం ఆనవాయితీ. కావలసింది ఉన్ని అయినప్పుడు గొర్రెనంతా కడగడం ఎందుకని ఎల్లేశం ముందే కత్తిరించి ఉన్నిని మాత్రం వాగులో వేశాడు. ఉన్ని వాగుతోపాటు పోయింది. అతను ఒడ్డున నిలబడి కాసేపు ఆలోచించాడు.

"వచ్చేసారి గంపల పెట్టి కడగాలె" అన్నాడు.

అతని గొప్పతనమంతా అందులోనే ఉంది. చెడిపోయిన పని అతనికి చెడిపోయినట్టు కనిపించేది కాదు, ఇంకొంచెం సదరవలసినట్టు కనిపించేది. ఊరు అతనికి సదురుల ఎల్లేశం అని పేరు పెట్టింది. అతను దాన్ని బిరుదు అనుకున్నాడు.

ఇవన్నీ ఇంటి నష్టాలు. మంద సంగతి వేరు.

ఎండాకాలంలో రైతులు తమ చేలల్లో గొర్ల మంద పెట్టించుకుంటారు. చుట్టూ తడకలు కట్టి గొర్లను రాత్రంతా చేనులోనే పడుకోబెడతారు. పెంటికలూ మూత్రమూ భూమికి ఎరువు. పంట వచ్చాక రైతు కాపరికి రాత్రుల లెక్కన జొన్నలు కొలుస్తాడు. ఆ జొన్నలే ఎల్లేశం ఇంటికి ఏడాది తిండి.

ఆ ఏడు చలికి గొర్రెపిల్లలు చాలా చచ్చి మంద పలచబడింది. వానలు దగ్గరికి వచ్చాయి. ఎరువు పడని చేలు ఇంకా సగం మిగిలాయి. పక్క ఊరి బీరన్నది పెద్ద మంద.

"నీతోని కాకుంటె చెప్పు ఎల్లేశం, బీరన్నకు కబురు పెడ్త" అన్నాడు చెన్నయ్య పటేలు.

బీరన్న ఒక్కసారి ఊళ్లోకి వస్తే ఇక పోడు. ఆ సంగతి ఎల్లేశానికి తెలుసు, గోపమ్మకు ఇంకా బాగా తెలుసు.

"అన్ని చేన్లు నేనే పెడ్త పటేలా. వానలకు ముందే పెడ్త" అన్నాడు ఎల్లేశం.

ఎలా పెట్టాలో ఆలోచిస్తుంటే తండ్రి గుర్తొచ్చాడు. ఆయన నడిరాత్రి మందను లేపేవాడు. లేచిన గొర్లు ఊరికే నిలబడేవి. ఆయనా ఊరికే నిలబడి తాపీగా చుట్ట కాల్చేవాడు. చుట్ట అయిపోయాక వాటిని అదే చేనులో ఇంకో పక్కన పడుకోబెట్టేవాడు. అదంతా చుట్ట కోసమే అని ఎల్లేశం తేల్చాడు. చుట్ట తీసేస్తే, ఆ నిలబడే సేపు తీసేస్తే, అదే రాత్రి మంద ఇంకో చేనుకు పోవచ్చు.

అలాగే చేశాడు. సగం రాత్రి సైదులు అనే రైతు చేనులో, సగం రాత్రి చెన్నయ్య చేనులో. గొర్రె కళ్లు తెరిచేలోపు తడక ఎత్తేవాడు. ఈల వేసి బండ్ల బాట మీదుగా తరిమేవాడు. ఆ ఈల కూడా నందికొండ సూపర్‌వైజరు దగ్గర నేర్చిందే. రోజూ ఇంకొంచెం సదిరాడు. తడకలు ముందే అవతలి చేనుకు చేర్చాడు. కుక్కకు తోలడం నేర్పాడు. మూడో వారానికి మంద లేవడమూ బాట ఎక్కడమూ ఒక్కటైపోయాయి.

ఈ సంగతి ఊరి వ్యవసాయం చూసే సర్కారు ఉద్యోగి, గ్రామసేవక్ రామచంద్రయ్య చెవిన పడింది. అతను కృష్ణా నది అవతలి జిల్లా నుంచి వచ్చినవాడు. కొత్త ఉద్యోగం, కొత్త సైకిలు, చూపించడానికి ఏమీ లేని ఊరు. పొద్దున్నే ఎల్లేశం గుడిసె ముందు దిగాడు.

"ఎల్లేశం గారూ, ఇది చిన్న విషయం కాదండీ. అదే మంద, అదే రాత్రి, రెండు చేలు. పని రెట్టింపు!"

ఎల్లేశాన్ని అంతవరకూ గారూ అన్నవాడు లేడు. అతను వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"పెంటికలు గూడ రెట్టింపైనయా సారూ?" అంది గోపమ్మ, పాలు పితుకుతూనే.

"అది తర్వాతి దశ అమ్మా" అన్నాడు రామచంద్రయ్య.

వారం తిరక్కుండా బ్లాకు ఆఫీసు నుంచి జీపు వచ్చింది. పెద్దసారు దిగి, మందను దూరం నుంచే చూసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రైతులు ఎల్లేశాన్ని చూసి నేర్చుకోవాలన్నాడు. ఎల్లేశం మెడలో బంతిపూల దండ వేశారు. ఫోటో తీసేలోపు సగం దండను ఒక మేక తినేసింది.

మొదటి వానకు ముందే అన్ని చేలూ అయిపోయాయి. మాట నిలబడింది. బీరన్నకు కబురు పోలేదు.

వానలు పడ్డాయి. ఆముదాలు మొలిచాయి. సైదులు చేను పసుపుపచ్చగా లేచింది. చెన్నయ్య చేను దానికంటే పసుపుపచ్చగా లేచింది. రెండింటి మధ్య బండ్ల బాట మాత్రం ఎత్తున గడ్డి పెరిగి నల్లగా నిగనిగలాడింది. సొంత చేను లేని బాలనర్సమ్మ ఎప్పటిలాగే ఆ బాట అంచున నాలుగు గుమ్మడి గింజలు వేసింది. తీగలు రెండు చేల గట్లూ ఎక్కి కాయలు దొర్లించాయి.

లేచిన గొర్రె వెంటనే పెంటికలు వేయదు. నాలుగడుగులు వేసి, నిలబడి, అప్పుడు వేస్తుంది. తండ్రి చుట్ట కాల్చినంత సేపూ జరిగిన పని అదే. ఎల్లేశం తీసేసింది దాన్నే. ఊరి ఎరువంతా బాటకు పోసి, చేలకు గొర్ల నిద్ర మిగిల్చాడు.

రైతులు చెన్నయ్య అరుగు మీద కూడారు. ఎల్లేశాన్ని పిలిచారు. వెనకే గోపమ్మ వచ్చింది.

"ఎల్లేశం మామా, మంద నా చేనుకు పెట్టినవా, బాటకు పెట్టినవా?" అన్నాడు సైదులు.

"సగం రాత్రి నీ చేన్లనే ఉండె గద సైదులూ."

"ఉండె. పన్నయి. నా చేను ఏమన్న కిరాయి ఇల్లా?"

"గింజలు రాత్రులకు గద ఇచ్చేది" అన్నాడు ఎల్లేశం.

అరుగంతా నవ్వింది. చెన్నయ్య నవ్వలేదు.

"ఆ బాలనర్సమ్మను అడుగు గింజలు. మాకైతె ఇగ బీరన్నే దిక్కు."

రామచంద్రయ్య కల్పించుకుని, గుమ్మడికాయలు కూడా ఉత్పత్తి కిందికే వస్తాయని, దాన్ని పైకి రాస్తానని చెప్పాడు. దసరా లోపే అతనికి మంచి చోటికి బదిలీ అయింది.

ఎల్లేశం మళ్లీ నోరు విప్పాడు. "ఒక్క ముచ్చట పటేలా. బాట మీద గొర్ల తోకల కింద గోనెసంచులు కడితె..."

"నువ్వు జర ఊకో" అంది గోపమ్మ. ముందుకు వచ్చి కొంగు నడుముకు దోపుకుంది. "ఈ ఏడు గింజలు ఇయ్యకుండ్రి పటేలా. అడగ. నేను కూలికి పోత. వచ్చే ఏడు మంద మాత్రం మాకే ఉండాలె. నేనే ఉండి పెట్టిస్త. మా మామ ఎట్ల పెట్టిండో గట్లనే."

"మరి మీ ఆయన?"

"ఇంటికాడ ఉంటడు."

చెన్నయ్య సైదులు వైపు చూశాడు. సైదులు తల ఊపాడు.

"మంద దిక్కు రావొద్దు మరి" అన్నాడు చెన్నయ్య.

"రాడు."

ఎల్లేశాన్ని ఎవరూ అడగలేదు. ఆ ఏడు అతను మూడు పొట్టేళ్లు అమ్మాడు. గోపమ్మ కలుపులకు పోయింది. తిండి ఎలాగో గడిచింది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఎల్లేశం చెన్నయ్య చేను గట్టు దాకా వచ్చి ఆగాడు. గోపమ్మ తడకలను ఒక్కొక్కటిగా మోసుకొస్తోంది. ఒకటి దించి, పాతి, మళ్లీ వెనక్కి పోయి ఇంకొకటి తెస్తోంది. అతని చేతులు రెండూ వాటంతటవే లేచాయి.

"ఏమే, గా తడకలు..."

గోపమ్మ నెత్తి మీది తడక దించి అతని వైపు తిరిగింది.

"ఏంది?"

"ఏం లే. తిన్నవా అని."

"తిన్న. ఇంటికి పో."

ఎల్లేశం వెనక్కి తిరిగాడు. కుక్క అతని వెంట నాలుగడుగులు వేసి, మందలోకి పరుగెత్తింది.