తమ్ముడి కోసం చదివిన ప్రార్థనలు

మా తమ్ముడు బత్తలపల్లి రోడ్డులో బండి మీద పోతూ లారీ కింద పడి చనిపోయాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. అక్కడి చర్చి సంఘంలో మా నాయన పెద్ద. తమ్ముడు మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు, చర్చికి రావడం కూడా మానేశాడు. అందుకని సమాధి దగ్గర పాస్టరుగారు వాడి గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు. దేవుడు పిలిచినప్పుడు పలకనివాళ్ల గతి ఇట్లాగే ఉంటుందని, మట్టి వేయడానికి వచ్చినవాళ్లను హెచ్చరించారు. నాయన తల వంచుకుని ఆమెన్ అన్నాడు.

నేను హిందూపురంలో కాపురముంటాను. ఇక్కడ మేం వెళ్లేదీ ఆ సంఘం వాళ్ల చర్చికే. ఆదివారాలు పిల్లలకు సండే స్కూలు చెప్పేదాన్ని. తమ్ముడి కోసం ప్రార్థన చేయవచ్చా అని ఇక్కడి పాస్టరుగారిని అడిగాను.

"పోయినోళ్ల కోసం చేయకూడదమ్మా. వాళ్ల లెక్క అయిపోయింది" అన్నారు. ఆ మాట అంటూనే చేతిలోని ఫోను చూసుకున్నారు.

నేను పనిచేసే బడి పెనుకొండలో. అక్కడ నాతోపాటు పాఠాలు చెప్పే మేడం ఒకామె కేథలిక్. స్టాఫ్ రూములో నా ఏడుపు చూసి, మరునాడు ఒక చిన్న పుస్తకం తెచ్చి ఇచ్చింది. చనిపోయినవాళ్ల కోసం వాళ్లు చేసే ప్రార్థనలు. "మా అమ్మ పోయినప్పుడు నేను ఇదే చదువుకున్నా మేడం. మీకు నచ్చకపోతే ఇచ్చేయండి" అంది.

హిందూపురం రైల్లో కూర్చుని చదివాను. మా సంఘంలో మరియమ్మకు మొక్కరు, ఆమెను వేడుకునే పేజీలు దాటేశాను. నా పెంపకం అంత తేలిగ్గా వదిలేది కాదు. మిగతా పేజీల్లో మాత్రం నాకు తెలియని దేవుడెవరూ కనిపించలేదు. పోయిన బిడ్డను వదిలేయవద్దని ఎవరో ఆయన్ను బతిమాలుతున్నారు, అంతే. తమ్ముడి సమాధి దగ్గర ఎవరైనా అలా బతిమాలి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

అదే పెట్టెలో మా సంఘం ఆమె ఒకతి ఉంది. పుస్తకం అట్ట మీది మరియమ్మ బొమ్మ చూసి పలకరించకుండానే దిగిపోయింది. ఆ ఆదివారం పాస్టరుగారు, పరాయి బోధ మన మధ్యకు వస్తోందని ప్రసంగించారు. పిల్లల క్లాసు నా దగ్గరనుంచి తీసేసి, రైల్లో నన్ను చూసినామెకే ఇచ్చారు. వారం తిరక్కుండా నాయన అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏం పాపా, వాళ్ల పుస్తకాలు చదువుతాండావంటనే? సంఘంలో నా తల యాడ పెట్టుకోవాల?"

"ఒకసారి నువ్వే చదివి చూడు నాయనా. తప్పు యాడుండాదో చెప్పు."

"తప్పని తెలిసినాక సదివేది ఏముండాది?"

పాస్టరుగారితో మాట్లాడి వస్తానని ఆయన బయటికి వెళ్లగానే, అమ్మ నా చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. ఆమెకు చదువు రాదు.

"ఆ బుక్కులో మనోని కోసరం అడిగేది ఉండాదంట కదా. మెల్లగా సదువు, నేను ఇంటా."

చదివాను. చనిపోయినవారి పేరు చెప్పాలని ఒకచోట ఖాళీ వదిలి ఉంది. అక్కడ ఆగాను. అమ్మ తమ్ముడి ముద్దుపేరు పలికింది. వాణ్ణి పూడ్చిన తరువాత మా ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు. రెండోసారి కొంచెం గట్టిగా పలికింది. చూస్తే నాయన వంటింటి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు తిరిగొచ్చాడో తెలియదు.

అరవలేదు. "లెయ్, పోదాం" అన్నాడు అమ్మతో. పెట్టిన అన్నం తినకుండానే వెళ్లిపోయారు. మరునాడు ఫోను చేశాడు.

"నువ్వు సంఘం ముందర తప్పు ఒప్పుకొనేదాకా మీయమ్మ నీ గడప తొక్కదు."

కొన్ని నెలలు ఓర్చుకున్నాను. అమ్మకు ఫోను చేస్తే నాయనే ఎత్తేవాడు. చివరికి ఒక ఆదివారం అందరి ముందు నిలబడి, తెలియక చదివానని చెప్పాను. అబద్ధం. తెలిసే చదివాను. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. పాస్టరుగారు నా తల మీద చేయి పెట్టి ప్రార్థించారు. క్లాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు. కొన్నాళ్లు చూద్దామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

అమ్మ వచ్చింది. వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, చదవమంటావా అని అడిగాను.

"వద్దు పాపా. మీ నాయనకు మాటిచ్చినా" అని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. తమ్ముడి పేరు మళ్లీ ఆమె నోట రాలేదు.

నేను ఇప్పటికీ రైల్లో చదువుతాను. ఆ మేడం ఇంకా కొన్ని పుస్తకాలు ఇచ్చింది. అట్టలు దాచుకోవడం మానేశాను. నాయన వచ్చినప్పుడు భోజనానికి ముందు నిలబడి, కుటుంబంలో అందరినీ పేరుపేరునా దీవించమని ప్రార్థిస్తాడు. ఆ పేర్లలో తమ్ముడి పేరు ఉండదు. నేను కళ్లు మూసుకోను.