పెట్టు, తియ్యి, మళ్ళీ పెట్టు

మా వదినకి ముందుకు వెళ్ళడంతో పేచీ లేదు. వెనక్కి రావడం ఎలాగో తేలందే అడుగు మాత్రం వెయ్యదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని లోకమంతా బెంబేలెత్తుతుంటే, మా వదిన ముందు ఆ గొయ్యి పూడ్పించి, నుయ్యి సంగతి ఆ తర్వాత చూస్తుంది.

కొత్త సోఫా కొన్నరోజు, మోసుకొచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ దాన్ని గుమ్మం దాటించి హమ్మయ్య అనుకున్నారు.

"బావుంది. ఇప్పుడు బయటికి తియ్యండి," అంది వదిన.

"నచ్చలేదా అమ్మా?"

"భలే నచ్చింది. రేపు ఇల్లు మారాల్సొస్తే ఈ గుమ్మంలోంచి వస్తుందో రాదో చూడొద్దూ?"

తీశారు. వచ్చింది. మళ్ళీ పెట్టారు. ఆ మనుషులు మళ్ళీ మా వీధి ఛాయలకి రాలేదు.

పెళ్ళికి ముందు మా అన్నయ్యని కూడా అడిగిందట, "పొరపాటైతే వెనక్కి దారేది?" అని. "నీకు మీ పుట్టిల్లుంది. దారి లేనిది నాకే," అన్నాడట అన్నయ్య. ఆ నిజాయితీకే పడిపోయానంటుంది.

నేనూ వదినా ఒకే ఆఫీసులో పనిచేస్తాం. బస్సు కండక్టర్ల చేతుల్లో ఉండే టిక్కెట్ మిషన్లకి ప్రోగ్రామ్ మాదే. నేను టెస్టర్‌ని. వదిన రిలీజ్ మేనేజర్. డెవలపర్లు తలా ఒకటి చేసిన మార్పులన్నీ ఒకచోట కలిపి, దానికో వెర్షన్ నంబరు తగిలించి, మిషన్లలోకి పంపేది తనే. ఎవరు ఏ లైను మార్చారో వాళ్ళ పేరుతో సహా వెర్షన్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. ఏదైనా బెడిసికొడితే పాత వెర్షన్‌ని ఉన్నదున్నట్టు వెనక్కి తేవచ్చు. మా వదినకి ఇలాంటి ఉద్యోగం దొరకడం, కోతికి కొబ్బరికాయ దొరకడమే. మరదల్ని కాబట్టి అనే హక్కుంది.

ప్రతి రిలీజుకీ ఒకటే తంతు. కొత్త వెర్షన్ వెళ్తుంది. అందరూ చప్పట్లు కొట్టబోతారు. వదిన లేచి నిలబడి హాలంతా వినబడేలా, "ఆగండాగండి, ఒకటి మర్చిపోయా! వెనక్కి తీసి మళ్ళీ పెడుతున్నా!" అంటుంది. పాతది వచ్చేస్తుంది. టీ చల్లారేలోపు కొత్తది మళ్ళీ వెళ్తుంది. ఆఫీసులో తన పేరు రివర్స్ గేర్.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. నేను స్కూల్లో చదివేటప్పుడు పగలగొట్టిన కప్పు మీద ఏ పువ్వుందో ఇప్పటికీ చెప్పి దెప్పే మనిషి, ప్రతిసారీ ఏం మర్చిపోతుంది?

"రోజూ నాన్నా పులీ అంటే, నిజంగా పులొచ్చిన రోజు ఎవరూ తలెత్తరమ్మా!" అని విసుక్కునేవారు మా ఆఫీసు మేనేజర్.

"అంతకంటే కావాల్సిందేముంది సార్," అని నవ్వేది వదిన. మనిషికి కాస్త తిక్కే అనుకునేవాళ్ళం.

ఇలా ఉండగా, పిల్లల పెంపకంలో చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయి మళ్ళీ ఉద్యోగానికొచ్చినావిడ ఒకరు మాలో చేరారు. ఇంకా ప్రొబేషనే. "ఇంత గ్యాప్ తర్వాత చెయ్యగలరంటారా? మొదటి రిలీజ్‌లో తేలిపోతుంది," అన్నారు మేనేజర్, ఆవిడ ఎదుటే. టిక్కెట్ ధరల్లో ఆవిడ చేసిన మొదటి మార్పు ఆ వారమే వెళ్ళింది.

వదిన ఇంకా లేవనేలేదు, నా ఫోన్ మోగింది. అవతల ఒక కండక్టరు. "అమ్మా, ఎవరికి కొట్టినా పిల్లల టిక్కెట్టే వస్తోంది! ఇంత మీసమున్నాయన కూడా సగం ధరకి ఎక్కాడు!"

విషయం వదినకి మెల్లగా చెబుతుంటే కొత్తావిడ విని, "అది నేను చేసిందే. నా ఉద్యోగం పోయినట్టే," అంటూ లేవబోయారు. వదిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తను మాత్రం లేచింది.

"ఆగండాగండి, ఒకటి మర్చిపోయా!"

ఒక్క తల లేవలేదు. "మళ్ళీనా!" అని మూలిగారు మేనేజర్, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే. చెయ్యి తిరిగిన పని కదా, పాత వెర్షన్ చిటికెలో మిషన్లలోకి వచ్చేసింది. లాభపడింది మీసాలాయనా, ఆ కాసేపట్లో బస్సెక్కినవాళ్ళూ మాత్రమే. వదిన కొత్తావిడ పక్కకి కుర్చీ జరుపుకుంది. "ఇప్పుడు నింపాదిగా చూద్దాం. వయసు దగ్గర ఏం రాశారు?" సాయంత్రానికి ఇద్దరూ కలిసి దిద్దేశారు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అడిగేశాను. "వదినా, నిజం చెప్పు. ఇన్నాళ్ళూ ఏం మర్చిపోయేదానివి?"

"ఏమీ లేదే. ఎవరో ఒకరు ఏదో ఒకరోజు నిజంగా తప్పు చేస్తారు. వెనక్కి తియ్యడం ఆ రోజే మొదటిసారైతే అందరూ వాళ్ళ మొహమే చూస్తారు. ఎప్పుడూ ఉండేదైతే ఎవరు చూస్తారు చెప్పు?"

ఈవిడ మా వదినండీ అని బస్సులో అందరికీ అరిచి చెప్పాలన్నంత గర్వం వేసింది. పైకి మాత్రం, "మరి సోఫా ఎవరికోసం తీయించావ్?" అన్నాను.

"అది మాత్రం భయంతోనే," అంది వదిన.

తర్వాతి రిలీజ్ నాటికి వదిన సెలవులో ఉంది. ప్రొబేషన్ గట్టెక్కిన కొత్తావిడకే ఆ పని అప్పగించింది. కొత్త వెర్షన్ వెళ్ళింది. అంతా సవ్యంగా ఉందని నేను దగ్గరుండి చూశాను. చప్పట్లు మొదలవబోతుండగా ఆవిడ లేచి గొంతు సవరించుకున్నారు.

"ఆగండాగండి, ఒకటి మర్చిపోయా!"

"ఇదేదో అంటుజబ్బులా ఉందే!" అని గొణిగారు మేనేజర్.

నేను తలెత్తలేదు.