కొస లేని కమాను

నా ట్యాబ్ పెట్టుకునే సంచి జిప్పు తీసినప్పుడల్లా రోజిన్ వాసన వస్తుంది. ఫిడేలు వాయించేవాళ్లు కమాను వెంట్రుకలకు రాసుకునే జిగురు ముక్క అది. చెట్టు బంకలాగా కొంచెం తీపి, కొంచెం ఘాటు. గాజు తెర మీద వేళ్లతో ఫిడేలు వాయించేవాడికి దీనితో ఏం పని అని మా స్టూడియోకి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. పని లేదు, నిజమే. కానీ అది సంచిలో లేని రోజు నాకు చెయ్యి ఆడదు. ఇవాళ పొద్దున కూడా ఆ వాసన ముక్కుకు తగలగానే, కేతేపల్లిలో రేకుల పందిరి కింద చెక్కపొట్టు మధ్య కూర్చుని నన్ను తిడుతున్న వీరాచారి సారు కళ్ల ముందుకు వచ్చారు.

ఆయన వడ్రంగి. తలుపులు, మంచాలు చేసిన చేతులతోనే ఫిడేలు వాయించేవారు. చుట్టుపక్కల ఊళ్లలో హరికథ జరిగితే పక్కవాద్యం ఆయనదే. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నకిరేకల్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, రోడ్డు మీది లారీల మోత వినబడకుండా గోడలకు దుప్పట్లు కొట్టి, పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఫిడేలు కావాలంటే ఆయన్నే పిలిచేవాణ్ని. బస్సు దిగి, పెట్టెను చంకలో పెట్టుకుని వచ్చి, "నీళ్లియ్యి బిడ్డా, చాయ్ తర్వాత" అనేవారు. ఒక్క పాటకు రెండుసార్ల కంటే ఎక్కువ వాయించేవారు కాదు. మూడోసారి అడిగితే, "మూడోసారి వాయిస్తె అది పాట గాదు, పని" అని పెట్టె మూసేసేవారు.

అప్పుడే నాకొక యాప్ దొరికింది. ట్యాబ్‌లో వేసుకుంటే చాలు, ఫిడేలు మోగుతుంది. శ్రుతి చేసుకునే బాధ లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కుక్కకు ఎముక దొరికినట్టు సంబరపడ్డాను. ఒకరోజు సారు ఫోన్ చేసి, "ఏం బిడ్డా, పిలుస్తలేవు?" అని అడిగితే, "పాటలు తగ్గినయ్ సారూ, ఉంటే నేనే ఫోన్ చేస్త" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ముందు ట్యాబ్‌లో ఫిడేలు పాట సగం రికార్డయి ఉంది. "సరే బిడ్డా, పనున్నప్పుడే పిలువు" అని ఫోన్ పెట్టేశారు. మళ్లీ ఆయన చేయలేదు, నేనూ చేయలేదు. మూడేళ్లు గడిచాయి.

మూడేళ్ల తర్వాత సరిత అని ఒక టీచరమ్మ వచ్చింది. వాళ్లమ్మ కూలికి పోయి ఆమెను చదివించిన మనిషి. చనిపోయి ఏడాది కావస్తోంది. నాట్లేస్తూ ఆమె పాడిన పాట ఒకటి సరిత ఫోన్‌లో మిగిలింది. దాన్ని శుభ్రం చేసి, వెనక ఫిడేలు కలిపి ఇస్తే, సంవత్సరీకం నాడు అందరికీ వినిపిస్తానంది. నేను వారం కష్టపడ్డాను. గాలి శబ్దం తీసేశాను, మధ్య మధ్య ఆమె గొంతు ఆగిపోయిన చోట్లన్నీ ఫిడేలుతో నింపేశాను. సరిత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని చివరిదాకా విన్నది. మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. "పాట మంచిగున్నదన్నా. మా అమ్మనే లేదిందుల" అన్నది. తిట్టినా బాగుండేది.

ఏం తప్పు చేశానో నాకు అర్థం కాలేదు. ఎవరికి అర్థమవుతుందో మాత్రం తెలుసు. రెండు రోజులు సిగ్గు అడ్డం వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం బండి తీసుకుని కేతేపల్లి పోయాను. సారు భార్య సత్తెమ్మగారు వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్నారు. "ఇప్పుడు యాదికొచ్చినమా బిడ్డా?" అని పీట వేశారు. పందిరి కింద నవారు మంచం మీద సారు కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్లో చచ్చుబడి పడి ఉంది. "పక్షవాతమొచ్చి యాడాదైతాంది. దవాఖానకు తిప్పినం. కాలు నయమైంది గని చెయ్యి లేస్తలేదు" అన్నారామె. కమాను పట్టే చెయ్యి అది. 

సారే మాట కలిపారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ పదును తగ్గలేదు. నా చేతిలోని ట్యాబ్ చూసి, "డబ్బ తెచ్చినవ్ గద, వినిపియ్యి" అన్నారు. నాట్లేస్తూ పాడిన ఆ తల్లి సంగతి చెప్పి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "గీ ఫిడేలు వాయించినోడు ఊపిరి తియ్యకుంట గింతసేపు ఎట్ల బతికిండు?" అని అడిగారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు. "అన్ని స్వరాలను వణికిస్తున్నవేంది? చలిజరమొచ్చిందా పాటకు?" అన్నారు. ఆ తర్వాత సత్తెమ్మగారితో ఫిడేలు పెట్టె తెప్పించి, ఫిడేలును నా భుజానికి ఆనించి, కమాను నా చేతికిచ్చి, "గుంజు" అన్నారు.

గుంజాను. తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు ఒక చప్పుడు వచ్చింది. వాకిట్లో కోడి ఉలిక్కిపడి పారిపోయింది. కమాను కొసకు వచ్చి చెయ్యి ఆగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది సారూ."

"గాడనే ఉంటది దుఃఖం. ఇంక జాగ లేదని చేతికి తెలుస్తది. అంతల ఎంత చెప్పాల్నో అంత చెప్పి ఎనక్కి మర్లాలె. నీ డబ్బల కమానుకు కొసనే లేదు. ఎంతసేపు ఒత్తితె అంతసేపు మోగుతది. కొస లేనిదానికి ఏడుపెక్కడికెల్లి వస్తది?" ట్యాబ్ వైపు తల ఊపి, "ఇంకోటి. ఆ తల్లి వంగి నాటేస్తాంది. నడుము నిలబెట్టి ఊపిరి తీసుకున్న కాడల్ల నువ్వు ఫిడేలు కప్పినవ్. ఆమెను పాటలకెల్లి నువ్వే ఎల్లగొట్టినవ్" అన్నారు.

ఆ తర్వాత రోజూ పోయాను. మొదటి మూడు రోజులు ట్యాబ్ ముట్టుకోనివ్వలేదు. ఒకటే తీగ, ఒకటే స్వరం, కమాను పోవడం, రావడం. నాలుగో రోజు ట్యాబ్ తీసి ఆయన ముందు చెక్క మీద పెట్టాను. అందులో తీగలాంటి ఒక పట్టీ ఉంటుంది. దాని మీద వేలు జారితే స్వరం జారుతుంది. పక్కన ఇంకో నిలువు పట్టీ ఉంటుంది. వేలు పైకి పోతే ధ్వని పెరుగుతుంది, కిందికి వస్తే తగ్గుతుంది. సారు ఎడమ చెయ్యి దానంతటదే లేచి గాజు మీదికి వచ్చింది. చూపుడు వేలు కొంచెం జారింది, ఆగింది, వెనక్కి వచ్చింది. యాప్ కొన్నప్పటి నుంచి దాంట్లో అలాంటి స్వరం నేను వినలేదు. ఆయన కూడా ఉలిక్కిపడి వేలు తీసేశారు. వేలినీ తెరనూ మార్చి మార్చి చూసుకున్నారు. "కుడి చెయ్యి పోయింది గని ఎడమది యాడికి వోలే" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. నా వైపు తిరిగి, "కమాను నువ్వు పట్టు" అన్నారు.

అలా ఒక ఫిడేలును ఇద్దరం వాయించాం. స్వరం ఆయన వేళ్లది, కమాను నా వేలిది. మొదట్లో నేను ప్రతిసారీ వెనకబడ్డాను. "డబ్బ దిక్కు చూస్తవేంది? నా ఛాతి దిక్కు చూడు" అని కసిరారు. ఆయన ఛాతీ పైకి లేచినప్పుడు నా వేలు లేపాను, దిగినప్పుడు దించాను. ఆ తల్లి నడుము నిలబెట్టిన చోట ఇద్దరం ఆగిపోయి, ఆమె ఊపిరిని విన్నాం. చింతపండు చేతులతోనే సత్తెమ్మగారు పందిరి గుంజ పక్కన వచ్చి నిలబడ్డారు. పాట అయిపోయాక, "మల్ల వాయిస్తున్నవా?" అని ఒకే మాట అన్నారు. సారు తల వంచుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు.

సరిత ఈసారి వింటూ సగంలోనే హెడ్‌ఫోన్ తీసేసింది. ఈసారీ తప్పిందనుకున్నాను. "మా అమ్మ గిట్లనే ఆగేదన్నా. ఆగి, ఒడ్డు మీదున్న నా దిక్కు చూసేది" అని ఏడ్చి, మళ్లీ పెట్టుకుని చివరిదాకా విన్నది. ఆ మాట చెప్పడానికి ఆ సాయంత్రమే కేతేపల్లి పరిగెత్తాను. చెప్పాను. సారు సంతోషపడ్డారు. ఇక లేచి రావచ్చు. కానీ మూడేళ్ల అబద్ధం నన్ను లేవనివ్వలేదు.

"సారూ, పాటలు తగ్గినయన్నది అబద్ధం. ఫిడేలు నేనే డబ్బల వాయించుకున్న" అన్నాను.

"తెల్వదనుకున్నవా?" అన్నారాయన. "నీ పాటలు ఇక్కడ ఫోన్లల్ల మోగుతనే ఉండె. మస్తు కోపమొచ్చింది. నా జాగ తీసుకున్నవని గాదు. ఎవల జాగ ఎవలకు పర్మనెంటు? తీసుకొని ఖాళీగ ఉంచినవని."

ఏడుపొచ్చింది. ఆ వెంటనే, చెప్తే నమ్మరు, నవ్వొచ్చింది. గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు అంత తేలికైంది. సత్తెమ్మగారు ఇచ్చిన చాయ్ ఆ రోజు రెండుసార్లు అడిగి తాగాను.

తర్వాత రెండేళ్లు, ఆయన పోయేదాకా, ఆ పందిరి కింద ఇద్దరం కలిసి ఎన్నో పాటలు వాయించాం. చివరి రోజుల్లో ఒకసారి పెట్టెలోంచి ఈ రోజిన్ ముక్క తీసి ఇచ్చారు. "నా కమానుకు దీంతోటి పని లేదింక. నీ దానికి ఎన్నడు లేకుండె. అయినా ఉంచుకో" అన్నారు. ఆ అబద్ధాన్ని ఒప్పుకోకుండా ఉండిపోయి ఉంటే ఈ ముక్కను నేను ఏ మొహంతో తీసుకునేవాణ్నో అని ఇప్పటికీ అనుకుంటాను. సమయానికి చెప్పాను, దేవుడి దయ.

ఇప్పుడు నా స్టూడియోలో రెండు వేళ్లూ నావే. అయినా గాజును ముట్టుకునే ముందు కుడి చేతిని గాలిలో ఒకసారి పూర్తిగా చాపుతాను. అది ఎక్కడ ఆగితే అక్కడ పాట వెనక్కి మర్లుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు నా వైపు వింతగా చూస్తారు. చూడనీ. సారు జాగాలో కూర్చున్నాను, ఇక ఖాళీగా ఉంచను.