బుడాపెస్ట్‌లో జయమ్మత్త కొసరు

మా జయమ్మత్త కొసరు లేనిదే ఏదీ కొనదు. నాంపల్లిలో ఆమె కొసరు అడగని దుకాణం లేదు. ఒకసారి మందుల షాపులో పది మాత్రలు కొని పదకొండోది అడిగింది.

"అమ్మా, గిది జ్వరం గోలీ!" అన్నాడు షాపాయన.

"ఔ, నా జ్వరం జర పెద్దది."

అబిడ్స్ పోస్టాఫీసులో స్టాంపు మీద స్టాంపు అడిగిందని కూడా అంటారు. అత్త కాదనలేదు.

అలాంటి మనిషిని టూరు వాళ్ళతో బుడాపెస్ట్ తీసుకెళ్ళడం నా బుద్ధితక్కువ. అక్కడి పాతకాలపు మార్కెట్‌లోకి అడుగుపెడుతూనే, "మన మొజంజాహీ మార్కెట్‌కి పైకప్పు ఏసినట్టుంది రా శ్రీహరీ!" అని మురిసిపోయింది. ఇక్కడ కొసరు అడగొద్దని బతిమాలాను. "ఫికర్ చెయ్యకు," అంది. ఆమె ఆ మాట అంటేనే నాకు ఫికర్.

మా టూరులో జనార్దన్ గారని ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నారు. ముందురోజే ఎవరో ఆయన జేబు కొట్టేశారు. మధ్యాహ్నం తిండి ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. ఎవరు కొనిస్తామన్నా, "ఒకరి సొమ్ము తిననండీ, ఆకలి లేదు," అని బెంచీ మీద కూర్చుండిపోయారు. అసలే షుగరు మనిషి, తిండి వేళ తప్పకూడదు.

అత్త చెర్రీపళ్ళు కొంది. అమ్మే ఆవిడ పావుకిలో తూచి, అంకె దాటిందని ఒక పండు తీసేసింది. అత్త జన్మలో అంత అవమానం ఎరగదు.

"ఏందమ్మా గిది! కొసరు ఏసుడు పోయి తీసుడేంది?"

నేను స్తంభం చాటుకు పోయాను. అత్త తన సంచిలోంచి ఒక పండు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇగో, గిది నీకు కొసరు. గిట్లుంటది."

ఆవిడ పండునూ అత్తనూ మార్చి మార్చి చూసి, పకపకా నవ్వి, దోసెడు పళ్ళు గుమ్మరించింది! పక్క కొట్టాయన కూడా ఒక పండు పుచ్చుకుని రొట్టె ముక్కలిచ్చాడు. ఆ పక్కనావిడ చీజు ముక్క ఇచ్చింది. అత్త కోట గెలిచినంత దర్జాగా తిరిగొచ్చి, కొన్నవి తన దగ్గర ఉంచుకుని, కొసరంతా జనార్దన్ గారి ఒళ్ళో పెట్టింది.

"నా పైసలతోని కొన్నది ఒక్కటి లేదు సారూ. కొసరు ఎవ్వరి సొమ్ము గాదు. తినుండ్రి."

లెక్చరరు గారు రొట్టె కొరికారు.

ఇన్నేళ్ళలో అత్త కొసరు ఒక్కటైనా మా ఇంట్లో ఎందుకు కనబడలేదో నాకు అప్పుడు వెలిగింది. సిగ్గేసింది, గర్వమూ కలిగింది.

"సారుకు కడుపు నిండలే," అంది అత్త నా వైపు చూసి. "గా మూలకు ఇంకో రొట్టెల దుకాణం ఉన్నది."

వెళ్ళి ఒక బన్ను కొన్నాను. చిల్లర జేబులో వేసుకుని, మళ్ళీ చెయ్యి చాపాను.